మూడో పిస్టన్

నాగవేణి, ఇరవై ఆరేళ్లు, చేతులకున్న మడ్డి కడుక్కోకుండా ఎవరికీ జవాబు చెప్పదు. తెనాలిలో రైలు గేటు అవతల జైనాబీ మోటారు సైకిళ్ల షెడ్డులో పని నేర్చుకుంటోంది. మొగుడు పోయాక అతని పానాల పెట్టె ముందేసుకుని కూర్చున్న జైనాబీని చూసి ఊరు మొదట నవ్వింది, తర్వాత తిట్టింది, ఆ తర్వాత బండ్లు తెచ్చి ఇచ్చింది. ఆమె దగ్గర పని నేర్చుకునే ఆడపిల్లలు ఆమెను ఉస్తాదమ్మ అంటారు. కంపెనీలు చెయ్యడం మానేసిన పాత బండ్లకు ఆ చుట్టుపక్కల ఆమే దిక్కు. ఆమెకొక పద్ధతి ఉంది. ఎంత తొందరలో వచ్చినవాడైనా పాడైన ముక్కను ముందు ఆమె చేతిలో పెట్టాలి. అది ఎందుకు పాడైందో తేలేదాకా, కొత్త ముక్క ఎంత కష్టపడి తెచ్చినదైనా, పొట్లం విప్పదు.

ఆ రోజు పొద్దున్నే నాగవేణి ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఉస్తాదమ్మా, అక్క స్థానంలోకి నన్ను రమ్మంటున్నారు. పోనా, వద్దా?"

అక్క హైమవతి ఆషాఢంలో చనిపోయింది. ఐదేళ్ల కూతురు లిఖిత ఉంది. ఆ ఇంట్లో హైమవతి స్థానం ఖాళీగా ఉందని, పరాయిదాన్ని తెచ్చే కంటే సొంత చెల్లెలే నయమని రెండు వైపుల పెద్దలూ అనుకున్నారు. మన ఇళ్లల్లో ఆడది పోతే కనబడే ఖాళీ వంటింట్లోనూ మంచం మీదా ఉంటుంది. మాట మాత్రం పిల్ల పేరు మీద నడుస్తుంది. అయితే ఆ పిల్ల పేరు అబద్ధం కాదు. లిఖిత పిన్ని మెడ పట్టుకుంటే విడిపించడానికి ఇద్దరు మనుషులు కావాలి. నాగవేణిని కాదననివ్వకుండా ఆపుతున్నది అదే. ఆ సాయంత్రంలోగా ఆమె మాట చెప్పాలి. బావ తల్లి తాంబూలాల పళ్లెంతో అప్పటికే నాగవేణి ఇంటికి వచ్చి కూర్చుంది.

జైనాబీ అవుననలేదు, కాదనలేదు. "ముందు మీ బావ బండి పిస్టన్ పట్రా" అంది.

బావ శ్రీహరి బండి ఆ షెడ్డులోనే ఉంది. వాళ్ల నాన్న కాలం నాటి టూ స్ట్రోక్ బండి. తయారీ ఎప్పుడో ఆగిపోయింది. నడుస్తూ నడుస్తూ ఇంజను పట్టేస్తే టెంపోలో వేసుకొచ్చి దింపాడు. దానికి పిస్టన్ కోసం నాగవేణి విజయవాడ తిరిగింది, గుంటూరు తిరిగింది. ఆ బండి పేరు చెబితే కుర్ర దుకాణందార్లు నవ్వారు, ముసలి దుకాణందార్లు నిట్టూర్చారు. చివరికి చీరాలలో మూతపడబోతున్న ఒక కొట్టు అటక మీద, ఎలకలు కొట్టిన అట్టపెట్టెలో, ఒకే ఒక్కటి దొరికింది. "దీని తర్వాత నన్ను అడగొద్దమ్మా, ఇక లేదు" అని చెప్పి మరీ ఇచ్చాడు కొట్టాయన.

మధ్యాహ్నానికి శ్రీహరి వచ్చాడు. ఎరువుల వ్యాపారం అతనిది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"ఏం మరదలా, మన బండికి ప్రాణం పోశారా? మనిద్దరం దాని మీదే ఇంటికి వెళ్దామని అమ్మకు చెప్పి వచ్చాను."

నాగవేణి తల ఎత్తలేదు. జైనాబీ చెప్పింది. "ముక్క దొరికింది బాబూ. బిగించలేదు."

"అదేంటండీ, దొరికాక ఇంకేం? అవతల పెద్దవాళ్లు కూర్చున్నారు."

"కూర్చోనీ. కూర్చుంటే అరిగిపోరు."

ఆమె పాత పిస్టన్‌ను వెలుతురులో పెట్టి తిప్పింది. పక్కల నిండా, పిల్లి గోళ్లతో రక్కినట్టు, నిలువు గీతలు.

"ఇది బండితో వచ్చింది కాదే. మధ్యలో మార్చారా?"

"రెండేళ్ల కిందట. మొదటిదీ ఇలాగే పట్టేసింది."

"ఎందుకు పట్టేసిందని చూశారా?"

"చూసేదేముంది. మొదటిది పాతబడి పోయింది. ఇది నాసిరకం. మెకానిక్కే చెప్పాడు."

"అంటే రెండుసార్లూ తప్పు ముక్కదే."

"మరింకెవరిది?" అన్నాడు శ్రీహరి నవ్వుతూ.

జైనాబీ నవ్వలేదు. "ఆయిలు అందకపోతే పడే గీతలివి. పెట్రోల్లో ఎంత కలుపుతున్నావు?"

శ్రీహరి చొక్కా మీద లేని దుమ్ము దులుపుకున్నాడు. "కొంచెం తగ్గించాన్లెండి. ఒకటే పొగ. బజార్లో పోతుంటే, దోమల మందు కొట్టే బండి వచ్చింది, తలుపులు వేసుకోండి అని వెక్కిరిస్తున్నారు. పరువుగా ఉండొద్దూ?"

"పట్టేసే ముందు బండి ఏమీ చెప్పలేదా?"

"చెప్పకేం?" అతని ముఖంలోకి వెలుగు వచ్చింది. "నెల ముందు నుంచీ గలగలమంటూనే ఉంది. మా నాన్న బండి అండీ, దాని గొంతు నాకు తెలీదా? వీధి చివర ఇంకెవడైనా నడుపుతున్నా పడుకున్నవాణ్ణి లేచి కూర్చుంటాను."

"మరి విని ఏం చేశావు?"

"నడుస్తోంది కదా అని నడిపాను."

నాగవేణి చీరాల నుంచి తెచ్చిన పొట్లాన్ని బల్ల మీద పెట్టింది. కుళాయి దగ్గరికి వెళ్లి, మోచేతుల దాకా సబ్బు రుద్ది కడుక్కుంది. తిరిగి వచ్చి బావ ఎదురుగా నిలబడింది.

"బావా, అక్క ఎందుకు పోయింది?"

"అదేం ప్రశ్న వేణీ. నీకు తెలీదా? ఒంట్లో రక్తం లేదు. దాని ఒళ్లే అంత, మొదటి నుంచీ బలహీనం."

"మా ఇంట్లో ఉన్నప్పుడు వడ్ల బస్తా ఒక్కతే జరిపేది. లిఖిత తర్వాత ఒక కడుపు పోయింది కదా. అప్పుడు డాక్టరమ్మ ఏం చెప్పింది?"

శ్రీహరి జైనాబీ వైపు చూశాడు, పరాయి మనిషి ముందు ఇవేం మాటలన్నట్టు. జైనాబీ కదల్లేదు. గుడ్డతో పాత పిస్టన్‌ను తుడుస్తోంది.

"ఇంకో కాన్పు వద్దంది" అన్నాడు చివరికి.

"మరి?"

"అమ్మకు మగపిల్లాడి మీద ఆశ. పెద్దావిడ, కాదంటే బాధపడుతుంది. హైమ కూడా ఏమీ అనలేదు."

"ఏమీ అనలేదా? మళ్లీ కడుపుతో ఉన్న ఆ చివరి నెలల్లో కూడా?"

"కళ్లు తిరుగుతున్నాయనేది. మెట్లు ఎక్కలేకపోతున్నాననేది. అందరికీ ఉండేదేలే అంది అమ్మ. పనీ చేసుకుంటూనే ఉంది కదా అని..."

శ్రీహరి అక్కడ ఆగిపోయాడు. తన మాట తనకే వినబడింది. జేబులో ఫోను మోగింది. తీసి చూసి, కట్టేశాడు. మళ్లీ మోగింది. మళ్లీ కట్టేశాడు.

"చూడు వేణీ, పోయినదాన్ని ఎలాగూ తేలేం. పాప మొహం చూసి ఆలోచించు."

"పాప మొహం చూసే అడుగుతున్నాను. నేను వస్తే మళ్లీ మగపిల్లాడి కోసం చూస్తారా?"

"అది దేవుడిచ్చేది."

"దేవుడు కాదు బావా, అత్తయ్య. వద్దని నేనంటే ఆవిడకు నువ్వు చెప్పగలవా? ఒక్క మాట చెప్పు. ఇప్పుడే నీ వెంట బయల్దేరతాను."

అతను చెప్పి ఉంటే ఆమె బయల్దేరేది. ఈ విషయంలో పాఠకులకు భ్రమలు అక్కర్లేదు. మెడ చుట్టూ ఐదేళ్ల పిల్ల చేతులున్న మనిషి ఆమె. కాళ్లకు అప్పటికే చెప్పులు వేసుకుని ఉంది. శ్రీహరి బండి సీటు మీద చెయ్యి వేశాడు. దాని ట్యాంకును, నాన్న తన చేత్తో వేసిన పసుపు గీతను, చూశాడు. అతను చెడ్డవాడు కాడు. చెడ్డవాళ్లతో మనకు అంత ఇబ్బంది లేదు, తలుపేసుకుంటాం.

"ముందు పెళ్లి కానీ. అవన్నీ తర్వాత చూసుకుందాం" అన్నాడు.

నాగవేణి చెప్పులు విప్పేసింది. "లిఖితను ఎప్పుడు పంపినా ఉంచుకుంటాను. చదివిస్తాను. నేను మాత్రం రాను. అత్తయ్యకు మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

అంతవరకు నువ్వు అన్నది, ఇప్పుడు మీరు అంది. అతనికి అది తెలిసింది. ముఖం గట్టిపడింది.

"నిన్ను చెడగొట్టింది ఈ షెడ్డు. మీ అమ్మ ముందే మొత్తుకుంది" అన్నాడు. జైనాబీ వైపు తిరిగి, "ఆ పిస్టన్ నాది. ఇచ్చెయ్యండి. బిగించేవాళ్లు ఊళ్లో మీరొక్కరే లేరు" అన్నాడు.

జైనాబీ పొట్లాన్ని అతని చేతిలో పెట్టింది. "తీసుకెళ్లు బాబూ, నీదే. ఆయిలు మాత్రం సరిగ్గా కలుపు. ఇంకోటి దొరకదు."

అతను బండి తోసుకుంటూ ఎండలోకి వెళ్లాడు. రైలు గేటు వేసి ఉంది. గేటు దగ్గర నిలబడి ఫోనులో ఎవరికో గట్టిగా చెబుతున్నాడు. నాగవేణి అతను పట్టాలు దాటేదాకా చూసింది. ఇంటి దగ్గర ఇంకా తల్లి ఉంది, తాంబూలాల పళ్లెం ఉంది, ఏం చేశావే అని అడిగే వీధి ఉంది.

"ఉస్తాదమ్మా, పొద్దున నేనడిగినదానికి మీరు జవాబే చెప్పలేదు."

జైనాబీ అతను వదిలేసి వెళ్లిన పాత పిస్టన్‌ను అరచేతిలోకి తీసుకుంది.

"కొత్తదానికి ఏం తెలుస్తుందే" అంది. "పాతదాన్ని అడగాలి."

మాఘంలో శ్రీహరికి రేపల్లెలో సంబంధం కుదిరింది. నాగవేణి బస్సెక్కి వెళ్లి, కాబోయే పెళ్లికూతురిని పెరట్లోకి పిలిచి, హైమవతి ఎందుకు చనిపోయిందో చెప్పి వచ్చింది.