లస్కరు చెరిపేసిన అంకెలు

భీమశంకరం మాస్టారు ప్రశ్నకు జవాబు చెప్పగా విన్నవాళ్లు తక్కువ. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన చెప్పులు వేసుకునేవారు; అడిగినవాళ్లూ వేసుకోక తప్పేది కాదు. ఆయన దగ్గర లెక్కలూ, ఆ తర్వాత ప్రోగ్రాములు రాయడమూ నేర్చుకున్నవాళ్లలో సత్యవేణి ఒకతె.

ఆ ఏడు ఏటి వరద హెచ్చరికల పని సత్యవేణికి అప్పగించారు. నలభై చోట్ల నీటిమట్టం కొలిచే సెన్సర్లు సెకనుకొక అంకె పంపుతుంటాయి. అల లేస్తే ఒక అంకె, పడితే ఒక అంకె వస్తుంది కనుక, గడిచిన గంటలో అన్నిటికంటే ఎత్తు ఎంతో చూసి హెచ్చరిక ఇవ్వాలని నియమం. ఆ గంటనే ప్రోగ్రాములు రాసేవాళ్లు విండో అంటారు. అది సెకను సెకనుకీ ముందుకు జరుగుతుంది. పాత అంకె ఒకటి బయటికి పోతుంది, కొత్తది లోపలికి వస్తుంది. సత్యవేణి ప్రోగ్రాం గంటలో వచ్చిన ప్రతి అంకెనూ దాచి, విండో జరిగినప్పుడల్లా మొదటినుంచి చివరిదాకా అన్నిటినీ మళ్లీ చూసేది. ఆఫీసువాళ్లిచ్చిన చిన్న యంత్రం అన్నీ చూసేలోపు కొత్తవి వచ్చి పడేవి. అలా పని పేరుకుపోయి, మొదటి వరదకి హెచ్చరిక నలభై నిమిషాలు ఆలస్యంగా వెళ్లింది. కొమ్ములంకలో ఏడు గేదెలు కొట్టుకుపోయాయి.

"అమ్మాయిగారి కంప్యూటరు మంచిదేనండి. వరద వచ్చి వెళ్లాక, వరదొస్తందని చెప్తది," అన్నాడు లంక పడవ నడిపే సరంగు, నలుగురిలో. అందరూ నవ్వారు. పై అధికారి మాత్రం నవ్వలేదు. ఇంకొక్కసారి ఆలస్యమైతే ఈ ఏర్పాటు ఎత్తేస్తామన్నాడు.

"మాస్టారూ, ఇంతకంటే పెద్ద యంత్రం ఇమ్మని అడగనా? ఇంకా ఎక్కువ దాచుకోవచ్చు," అంది సత్యవేణి.

మాస్టారు చెప్పులు వేసుకున్నారు.

మిట్టమధ్యాహ్నం ఏటిగట్టు మీద రెండు మైళ్లు నడిచి లాకుల దగ్గరికి చేరారు. అక్కడ నీటిమట్టం చూసే లస్కరు ఏసోబు. ఐదు నిమిషాలకోసారి మెట్లు దిగి, గోడకున్న కొలబద్ద చూసి, పైకొచ్చి పలక మీద రాస్తాడు. "ఆయ్, రండి మాస్టారండీ," అని బల్ల తుడిచాడు. పలక మీద మూడే గీతలున్నాయి. పైన పదకొండు అడుగులు. దాని కింద పది అడుగుల ఏడంగుళాలు. ఆ కింద పది అడుగుల రెండు. ఒక్కోదాని పక్కన అది చూసిన వేళ.

ఏసోబు మెట్లు దిగి, ఎక్కి వచ్చాడు. "పది అడుగుల తొమ్మిది," అన్నాడు. కింది రెండు గీతలూ అరచేత్తో తుడిచేసి, పదకొండు కింద ఆ కొత్త అంకె రాశాడు.

సత్యవేణి ప్రాణం విలవిల్లాడింది. "అయ్యో, చెరిపేశారేం బాబాయ్?"

"రిజిస్టర్లో ఉన్నాయిలేమ్మా, అది ఆఫీసుకి. పలక లంకోళ్లకి. గంటలో పెద్దదెంత అని పడవలోంచి అరిస్తే పైగీత చూసి చెప్పడమే. ఆ రెండూ దీనికన్నా చిన్నయ్యి, ముందొచ్చినయ్యి. ఇది ఉన్నంతసేపూ వాటి మొహం ఎవడు చూస్తాడు? ఇది పోకముందే అవి పోతాయి."

"మరి ఇదీ పైదానికన్నా చిన్నదేగా. దీన్నెందుకు ఉంచారు?"

"ఇది వెనకొచ్చింది గదమ్మా. పెద్దాయనకి ఇంకో పావుగంటలో గంట నిండుద్ది. ఆయన దిగితే కుర్చీ దీనిదే. మా పంచాయతీ మెంబర్లు అందుకే గదా కాచుక్కూచునేది!"

సత్యవేణి నవ్వబోయి ఆగింది. రెండు గీతలే మిగిలిన పలకను కన్నార్పకుండా చూసింది. మాస్టారు మాత్రం ఏట్లో నీటికాకులను చూస్తూ కూర్చున్నారు.

ఇంటికి రాగానే ఆమె ప్రోగ్రాం విప్పింది. కొత్త అంకె రాగానే, దానికంటే ముందొచ్చిన చిన్నవన్నీ వెనకనుంచి తీసెయ్యమంది. గంట నిండినదాన్ని ముందునుంచి తీసెయ్యమంది. ఇప్పుడు ప్రతి అంకె ఒకసారి వస్తుంది, ఒకసారి పోతుంది. మొదటినుంచి తిరగెయ్యాల్సిన పనే లేదు. మూడువేల ఆరువందల అంకెలు ఉండేచోట పదో పన్నెండో మిగిలాయి. యంత్రం పాతదే.

ఎనిమిదో రోజు పొద్దున తొమ్మిదికి ఏరు పొంగింది. ఎగువన సెన్సరు అంకె పంపిన సెకనులోనే కొమ్ములంకలో సైరను మోగింది. పడవ పదకొండుసార్లు తిరిగింది. ముసలివాళ్లు, పసిపిల్లలు, కోళ్లగంపలు, ఆఖరికి ఈదుకుంటూ గేదెలు, అందరూ పన్నెండుకల్లా గట్టెక్కారు. ఒంటిగంటకు వరద లంకలోకి దిగేసరికి అక్కడ దానికి ఎదురొచ్చే ప్రాణి లేదు.

"ఒక్క దూడ తగ్గలేదండీ అమ్మాయిగారూ, లెక్కెట్టుకోండి!" సరంగు పడవలో నిలబడి తలగుడ్డ గాల్లో తిప్పాడు. గట్టంతా ఈలలు, కేకలు. పై అధికారి బురదలో దిగబడుతూ వచ్చి సత్యవేణికి నమస్కారం పెట్టాడు.

ఆ సందడిలోంచి ఆమె మాస్టారి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ఇంత చిన్న సంగతి! మీరే రెండు ముక్కల్లో చెప్పేయొచ్చుగా మాస్టారూ. ఆ ఎండలో అంతదూరం నడిపించారెందుకు?"

"చెప్పేవాణ్ణే అమ్మాయ్," అన్నారు మాస్టారు. "నువ్వు దాన్ని కూడా దాచిపెట్టుకునేదానివి."