వట్టి నోటి నెమరు

ప్రశ్నల పత్రంలో రెండో కాగితం తను చదవనే లేదని ఉడుత రవ్వ ఇంతవరకూ ఎవరి దగ్గరా నోరు విప్పి చెప్పలేదు. మెత్తగా ఉందని దాన్ని గూట్లో పరుచుకుంది.

పాలకేంద్రం వెనక కొట్టంలో దిగులుపడ్డ జంతువులకు మాటసాయం చేసేది రవ్వే. ఏ బడికీ పోలేదు, చూసీ వినీ నేర్చుకుంది. ఒకచోట కాలు నిలవదు. మనసు బాగోగులు కొలిచే ఆ పత్రం కోసం మూడు ఊళ్ళు వెతికింది. చివరికి దాన్ని తయారుచేసిన ముసలి తాబేలు నాంచారమ్మే ఇచ్చి, అనుమానం వస్తే పాలకేంద్రం నుంచి ఫోన్ చెయ్యమంది. చేస్తే తన చదువెంతో బయటపడుతుందని రవ్వ ఒక్కసారీ చెయ్యలేదు.

ఆ వారం కొట్టంలో ఒకటే మాట. జోడెద్దు చనిపోయిన దగ్గర్నుంచి ఎద్దు కపిలయ్య తేరుకోలేదు, పక్కన ఎవరైనా ఉండాలా అని. రవ్వ పత్రం తెచ్చి అందర్నీ వరసగా కొలిచింది. ఎక్కువ మార్కులు నెమరుకే. కపిలయ్య దవడలు ఆడుతూనే ఉన్నాయి. బాగున్నాడు, తోడు అక్కర్లేదని తేల్చింది. గాడిద గంగులు దవడలు కదల్లేదు. జబ్బు ముదిరిందని రాసింది.

"మా అమ్మ నెమరెయ్యలేదు, మా అమ్మమ్మా ఎయ్యలేదు. మా వంశమంతా పిచ్చోళ్ళమేనా రవ్వమ్మా?" అన్నాడు గంగులు.

"పత్రంలో అలాగే ఉంది మావా. నేను సొంతంగా రాసిందా?"

ఆపైన గంగులుని ఎవరూ పక్కన పడుకోనివ్వలేదు. కపిలయ్య పక్కన ఎవరూ పడుకోలేదు.

మూడోనాటి పొద్దున కపిలయ్య చోటు ఖాళీ. రవ్వ పరుగెత్తింది. పాడుబడ్డ క్వారీ అంచున నిలబడి ఉన్నాడు, ముందుకాళ్ళ కింద మట్టి రాలుతోంది. అతనికి ఒళ్ళు ఆనించి గంగులు. కొట్టం బయట పడుకున్నవాడు కాబట్టి ఎద్దు వెళ్ళడం చూసి వెంట వచ్చాడట. ఏమీ అడగలేదట.

"నెమరేస్తున్నావుగా పెద్దయ్యా," అంది రవ్వ.

"తింటేగా నెమరెయ్యడానికి. గడ్డి ముట్టి తొమ్మిది రోజులు. నువ్వు దేనికి మార్కులేస్తున్నావో కనిపెట్టాను. వట్టి నోరు ఆడించాను తల్లీ. నువ్వు దవడలే చూశావు."

గంగులు మెల్లగా ఎద్దుని వెనక్కి మళ్ళించి, అడుగులో అడుగేస్తూ కొట్టానికి నడిపించుకొచ్చాడు.

రవ్వ గోడెక్కి తన గూట్లోంచి రెండో కాగితం లాగింది. నలిగినా అక్షరాలు చెదరలేదు. ఇది నెమరువేసే పశువులకు మాత్రమే అని మొదటి వరస. వచ్చిన మార్కులతో మాట ముగించకండి, అక్కణ్ణించే మొదలుపెట్టండి అని రెండోది. అడుగున నాంచారమ్మ నంబరు.

కపిలయ్య ఇంకా గడ్డి ముట్టలేదు. ఇప్పుడేం చెయ్యాలో తనకు తెలియదు. తన చదువు బయటపడితే పడనీ, నాంచారమ్మకి ఫోన్ చెయ్యాల్సిందే అనుకుని రవ్వ గోడ దిగింది.

కొలిచే ముందు ఆ కొలత ఎవరికోసం చేశారో చూడాలి, కొలిచాక ఎదుటివాడి మొహం చూడాలి.