దింపుడు కళ్ళం దగ్గర

పశుపతి తన మొదటి నవల పూర్తిచేసి గురువుగారి చేతిలో పెట్టి చాలా రోజులైంది. ఆయన రాస్తానన్న ముందుమాట మాత్రం రాలేదు.

గురువుగారంటే పరాంకుశంగారు. ఆయన డిటెక్టివ్ నవల బయటికొస్తోందంటే చాలు, బెజవాడ స్టేషన్లో పుస్తకాల కొట్టు ముందు జనం మూగేవారు. రచయిత కాకముందు ఆయన పోలీసు స్టేషన్లో రైటరుగా పనిచేశారు. ఎక్కడ ఎవరు అనుమానంగా చనిపోయినా ఇన్‌స్పెక్టరు వెంట వెళ్ళి పంచనామా రాయడం ఆయన వంతు. ఆ ఉద్యోగం మానుకున్నాకే నవలలు మొదలుపెట్టారు. ఇప్పుడు వయసు డెబ్భై దాటింది. చెయ్యి వణుకుతున్నా రోజూ పొద్దున్నే వరండాలో కూర్చుని రాస్తూనే ఉంటారు.

పశుపతి ఆయన దగ్గర ప్రూఫులు దిద్దుతూ పని నేర్చుకున్నాడు. తెలివైనవాడు. ఆ సంగతి అందరికంటే ముందు తనకే తెలిసినవాడు. నవలలో ఐదు హత్యలు పెట్టాడు. హంతకుడెవరో ఆఖరి పేజీ దాకా దేవుడు కూడా చెప్పలేడని పబ్లిషరు తెగ మెచ్చుకున్నాడు. "పరాంకుశంగారి చేత నాలుగు మాటలు రాయించుకురా, వెంటనే అచ్చుకిచ్చేద్దాం" అన్నాడు.

ఇక ఉండబట్టలేక పశుపతి ఒకరోజు పొద్దున్నే వెళ్ళి అడిగేశాడు.

"చదివారా గురువుగారూ?"

"రెండుసార్లు చదివానోయ్."

"హంతకుణ్ణి కనిపెట్టగలిగారా?"

"లేదు. బాగా దాచావు."

పశుపతి మొహం విప్పారింది. పరాంకుశంగారు కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

"ఆ ఐదుగురూ..." అని ఆగారు.

"ఏ ఐదుగురండీ?"

"చనిపోయినవాళ్ళు."

పశుపతికి నవ్వొచ్చింది. "చచ్చినవాళ్ళతో మనకేం పనండీ? శవం దొరికేదాకే వాళ్ళ అవసరం. అక్కణ్ణుంచి కథంతా డిటెక్టివ్‌దీ, హంతకుడిదీ."

ఆయన అద్దాలు పెట్టుకుని మళ్ళీ కాగితాల మీదికి వంగారు.

అంతలో గేటు దగ్గరికి నరసయ్య వచ్చి నిలబడ్డాడు. దిక్కులేని శవాలకు దహనం జరిపించే సంఘంలో మనిషి.

"అయ్యా, ఆస్పత్రివాళ్ళు ఇస్తామన్నారండి. ప్లాట్‌ఫారం మీద పోయాడే, ఆ ముసలాయన్ని. తెలిసినవాళ్ళెవరూ రాలేదు. ఈ ఎండల్లో ఇంక ఉంచలేమంటున్నారు. మోసేందుకు ముగ్గురమే ఉన్నామండి."

పరాంకుశంగారు కలం మూతపెట్టి లేచారు. కండువా భుజాన వేసుకుని పశుపతి వైపు చూశారు.

"చెప్పులు ఇక్కడే వదిలేసి రా."

గురువుగారు ఆ సంఘంలో ఉన్నారని పశుపతికి అప్పటిదాకా తెలియదు. చావు జరిగిన ఇంటికి వెళ్ళడమంటేనే అతనికి గిట్టదు. ఏదో ఒక వంక చెప్పి తప్పుకోవాలనుకున్నాడు. కానీ ఆయన అప్పటికే వీధిలోకి నడిచారు.

ఆస్పత్రి వెనక వెదురు పాడె సిద్ధంగా ఉంది. పరాంకుశంగారు నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచారు. తల వైపు ఎడమ కొమ్ము పశుపతి భుజం మీద పడింది. బక్కచిక్కిన ముసలివాడు, బరువేం ఉంటాడులే అనుకున్నాడు. బజారు దాటేసరికి భుజం కాలిపోతున్నట్టయింది. కాళ్ళ కింద రోడ్డు సెగలు కక్కుతోంది. ఎదురొచ్చిన రిక్షా పక్కకి తప్పుకుని ఆగింది. అందులో ఉన్నావిడ దణ్ణం పెట్టింది. ఎవరికి పెట్టిందో ఆమెకూ తెలియదు.

కృష్ణ ఒడ్డున శ్మశానం ఇంకా కాస్త దూరం ఉందనగా పాడె దించారు. అది దింపుడు కళ్ళం. అక్కడ అయినవాళ్ళు శవం చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే పలుకుతుందన్న ఆఖరి ఆశ.

"ఎప్పుడూ అయ్యగారే పిలుస్తారు" అన్నాడు నరసయ్య, చెమట తుడుచుకుంటూ.

పరాంకుశంగారు కదల్లేదు. "ఇవాళ నువ్వు పిలు" అన్నారు పశుపతితో.

"ఏమని పిలవనండీ? పేరు తెలీదుగా."

"నాకూ తెలీదు."

పశుపతి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గుడ్డ పక్కకి జరిపి ఆ మొహాన్ని మొదటిసారి చూశాడు. మాసిన గడ్డం. కాస్త తెరుచుకున్న నోరు. చెవిలో పిలవాలని వంగినప్పుడు తమ్మెకు చిన్న రంధ్రం కనిపించింది. పసితనంలో ఎప్పుడో కుట్టించింది, సగం పూడిపోయింది. ఆ వేళ ఎవరో ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కదలకుండా పట్టుకుని, ఏడుస్తుంటే నోట్లో బెల్లంముక్క పెట్టి ఉంటారు. ఏదో ఒక పేరుతో బుజ్జగించి ఉంటారు.

ఆ పేరేమిటి?

తెలిసిన పేర్లన్నీ మనసులోకి వచ్చాయి. ఒక్కటీ నోటిదాకా రాలేదు. తప్పు పేరు పిలిస్తే ఈ మనిషికి కాక ఇంకెవరికో వినపడుతుందేమో అనిపించింది.

"అయ్యా" అన్నాడు మెల్లగా.

నరసయ్యా, మిగతా ఇద్దరూ తలలు వంచుకుని నిలబడ్డారు.

"అయ్యా." ఈసారి ఇంకాస్త దగ్గరికి వంగి పిలిచాడు.

మూడోసారి పిలిచాక అతను లేవలేదు. తన చెవిని ఆ పెదవుల దగ్గరికి తెచ్చి అలాగే ఉండిపోయాడు. ఎండ మాడ్చేస్తోంది. నరసయ్య ఏదో అనబోతే పరాంకుశంగారు చెయ్యెత్తి వారించారు. ఎవరూ తొందరపెట్టలేదు.

కాసేపటికి పశుపతి తనే లేచి గుడ్డ సర్ది, పాడె కొమ్ము భుజానికెత్తుకున్నాడు.

దహనం అయ్యాక అందరూ ఏట్లో మునిగి తడిబట్టలతో తిరుగుముఖం పట్టారు. గురుశిష్యులిద్దరూ వెనకపడ్డారు.

"గురువుగారూ, నా నవల నాకిచ్చేయండి."

"ముందుమాట అడిగావుగా?"

"ఇప్పుడొద్దండీ."

"మరి పబ్లిషరుకేం చెప్తావు?"

"ఇంకా పూర్తి కాలేదని చెప్తాను."

పరాంకుశంగారు నడుస్తూనే అతని భుజం మీద చెయ్యి వేశారు. కర్ర ఒరిసి కందిన చోట చెయ్యి తగిలి పశుపతి ఉలిక్కిపడ్డాడు. ఆయన చెయ్యి తియ్యలేదు.

"హంతకుణ్ణి ఊరంతా వెతుకుతుందోయ్" అన్నారు. "పోయినవాణ్ణి వెతకాల్సింది మనమే."