రెండో ఊరి వంతెన

కుళ్ళాయప్పకు ఆ బుధవారం సాయంత్రం ఐదు గంటలకు ఒక వాదన ఉంది. దాన్ని గెలిచి తీరాలని పంతం పట్టాడు.

బెంగళూరులో అతనికి ముప్పై మంది పనిచేసే చిన్న కంపెనీ ఉంది. వాళ్ళు తయారుచేసిన ఆట పేరు ‘ఏడూళ్ల సంత’. నెలనెలా చందా కట్టినవాళ్ళు ఫోన్లలోనో కంప్యూటర్లలోనో ఆడతారు. ఒక్కొక్కరికి ఒక ఎద్దులబండి. ఎక్కడెక్కడి మనుషులో అందరూ ఒకే దారుల్లో బండ్లు తోలుకుంటూ, ఆరు ఊళ్ళు దాటి ఏడో ఊరి సంతకు సరుకు చేర్చాలి. అంతే ఆట.

మూడు నెలల కింద విభాకర్ అనే ఆయన ఆ ఆట చచ్చిపోయిందని ఒక వీడియో పెట్టాడు. ఆటల మీద అతను ఏం చెప్పినా చాలామంది వింటారు. కుళ్ళాయప్ప జవాబిచ్చాడు. విభాకర్ తిరిగి జవాబిచ్చాడు. మాట మీద మాట పెరిగి, చివరికి ఇద్దరూ జనం ముందు లైవ్‌లో తేల్చుకోవాలని అనుకున్నారు. కంపెనీలో కొత్తగా పెట్టుబడి పెట్టాలనుకుంటున్నవాళ్ళు కూడా ఆ వాదన చూస్తారు. అక్కడ తడబడితే కంపెనీ నిలవడం కష్టం.

అందుకే పొద్దున్నే కారెక్కి గురువు దగ్గరికి వచ్చాడు. ఆశీర్వాదం తీసుకుని, ల్యాప్‌టాప్ తెరిచి అక్కడి నుంచే మాట్లాడాలని అతని ఆలోచన.

గురువు పేరు ఖాదర్‌పీరా. కదిరి దాటాక కొండ మలుపులో ఉన్న చిన్న దర్గాను కనిపెట్టుకుని ఉంటాడు. అంతకు ముందు ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో బస్సు నడిపాడు. పన్నెండేళ్ళుగా కుళ్ళాయప్పకు ఏ చిక్కు వచ్చినా ఆయన ముందే కూర్చుంటాడు.

ఆయన దర్గా వసారాలో చాప మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తున్నాడు.

“స్వామీ, ఈ పొద్దు ఒకాయనతో వాదన ఉంది. గెలవాల. మీ చెయ్యి నా నెత్తిన పెట్టండి.”

“ఏం వాదన?”

“మా ఆట చచ్చిపోయిందంటాడు స్వామీ. మూడు లక్షల పన్నెండు వేల మంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారు మాకు! ఇది అబద్ధం కాదు.”

“ఆయప్ప ఏమంటాడు?”

“చందా కట్టినోళ్ళంతా ఆడేవాళ్ళు కాదంట. పేరు రాయించుకుని మర్చిపోయినోళ్ళే ఎక్కువంట. రోజూ ఆడేది పదివేల మంది కూడా ఉండరంట.”

“ఉండారా?”

కుళ్ళాయప్ప చెప్పడం మొదలుపెట్టాడు. రోజూ ఆడేవాళ్ళను ఎలా లెక్కగట్టాలి, వారానికోసారి వచ్చేవాళ్ళను ఏ పద్దులో వేయాలి, వేరే ఆటలవాళ్ళు తమ సంఖ్యలను ఎలా ఉబ్బించి చెబుతారు, విజయం అనే మాటకు అసలు అర్థమేమిటి. అరగంట మాట్లాడాడు. ఆయన గింజలు ఒక పక్కకు, పొట్టు ఒక పక్కకు వేస్తూ విన్నాడు.

మాటలు అయిపోయాక ఆయన చేతులు దులుపుకున్నాడు.

“చూపీ.”

“లెక్కలా స్వామీ?”

“ఆట.”

కుళ్ళాయప్ప ఫోను తీశాడు. తెర మీద అటూ ఇటూ వెతికాడు. ఏడు నెలల కింద ఫోను మార్చినప్పుడు అందులో ఆట వేసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది. కొండ మీద సిగ్నల్ అంతంతమాత్రం. ఆట దిగడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ అతను ఫోను వంకే చూస్తూ కూర్చున్నాడు. ఆయన మిగిలిన చెనిక్కాయలు ఒలుచుకున్నాడు.

ఆట తెరుచుకుంది. పేరు ఏమని రాయాలో అడిగాడు శిష్యుడు.

“డ్రైవర్ తాత అని రాయి.”

ఎడ్లను ఎలా అదిలించాలో, ఎలా మలపాలో, పక్కవాళ్ళతో మాట్లాడాలంటే ఎక్కడ రాయాలో చూపించాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఫోను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. తొందరలేకుండా మొదటి ఊరు దాటాడు. మలుపులో ఎదురు బండికి దారి ఇచ్చాడు. మధ్యలో మధ్యాహ్నపు జొహర్ నమాజుకు లేచి వెళ్ళి, వచ్చి మళ్ళీ ఎడ్లను అదిలించాడు. కుళ్ళాయప్ప గడియారం చూసుకున్నాడు. రెండుంపావు.

రెండో ఊరి ముందు ఏరు, ఏటి మీద కొయ్య వంతెన. వంతెన మొదట్లో ఒక మనిషి నిలబడి ఉంది. తల మీద ‘పూసలమ్మ’ అని పేరు కనిపిస్తోంది.

ఆమె మాటలు తెర మీద పడ్డాయి.

“తాతగారూ, ఆగండి! మూడో పలక మీద చక్రం పడితే బండి కిందికి దిగిపోతుంది. సరుకంతా పోయి ఆట మూసుకుపోతుంది. ఎడమ అంచు పట్టుకుని రండి.”

ఆయన ఎడ్లను ఆపాడు. ఒక్కో అక్షరం వెతుక్కుని ఒక వేలితో రాశాడు.

“నువ్వు ఈడ పని చేస్తావా అమ్మా?”

“లేదండీ. నేనూ ఆడడానికి వచ్చినదాన్నే. మాది నరసన్నపేట. బట్టలు కుడతాను. రెండింటి నుంచి మూడింటి దాకా కరెంటు ఉండదు, మిషన్ ఆగిపోతుంది. ఆ గంటా ఇక్కడ నిలబడతాను.”

“ఎందుకు?”

“కొత్తవాళ్ళు మొదటిసారే పడిపోతే మళ్ళీ రారు కదండీ.”

“ఎప్పటి నుంచి?”

“మార్చి నుంచి. వంతెన బాగుచేయమని కంపెనీకి పదకొండుసార్లు రాశాను. ఎవరైనా చదువుతారో లేదో.”

ఆయన తల ఎత్తి శిష్యుడి వంక చూశాడు.

“ఫిర్యాదులు చూసేదానికి ఇద్దరు ఉన్నారు స్వామీ. ఈ వాదన మొదలైనప్పటి నుంచి వాళ్ళను…” కుళ్ళాయప్ప ఆగాడు. “లెక్కలు తీసేదానికి కూర్చోబెట్టినాను.”

ఆయన మళ్ళీ ఫోనులోకి చూశాడు. ఈలోగా వెనక ఇంకో బండి వచ్చింది. పూసలమ్మ దానికీ అదే చెప్పింది. అది ఎడమ అంచున మెల్లగా దాటిపోయింది. మరో రెండు బండ్లు వచ్చాయి. రెంటికీ చెప్పింది. విసుగు లేకుండా, ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే చెప్పింది.

మూడు కావస్తుండగా ఆమె రాసింది. “కరెంటు వచ్చేసింది తాతగారూ. పెళ్ళివాళ్ళ జాకెట్లు ఉన్నాయి, వెళ్ళాలి. మీరు కాసేపు ఉంటారా?”

“ఉంటా” అని రాశాడాయన.

బండిని దారి పక్కకు తీసి, దిగి, వంతెన మొదట్లో ఆమె నిలబడిన చోటే నిలబడ్డాడు.

“స్వామీ, దీన్ని రేపే బాగుచేయిస్తాను. మీకెందుకు ఈ శ్రమ?”

“నువ్వు పో నాయనా. నీ పని చూసుకో.”

అతను వసారా ఇంకో మూలకు వెళ్ళి ల్యాప్‌టాప్ తెరిచాడు. చెప్పాల్సినవన్నీ మరోసారి చదువుకున్నాడు. విభాకర్ ఏ ప్రశ్న వేస్తే ఏ జవాబు ఇవ్వాలో వరుసగా రాసి ఉన్నాయి. మంచి జవాబులు. చదువుతుంటే మధ్యమధ్య గురువు గొణుగుడు వినిపించింది. “ఎడమ… ఎడమకు రాప్పా… ఆఁ, అట్ల.”

ఐదుకు పది నిమిషాలుంది. అసర్ నమాజుకు వేళయింది. ఆయన లేచి వచ్చి ఫోను కుళ్ళాయప్ప చేతిలో పెట్టాడు.

“నేనొచ్చేదాకా నిలబడు.”

“స్వామీ, ఐదింటికి నాకు…”

ఆయన అప్పటికే కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళిపోయాడు.

కుళ్ళాయప్ప ఒక చేత్తో ఫోను పట్టుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఒక బండి వచ్చింది. ‘చిట్టిగువ్వ’ అని పేరు. ఎడమ అంచున రమ్మని గబగబా రాశాడు. బండి దాటింది. “థాంక్స్ తాతా” అని అవతలి గట్టు నుంచి ఒక మాట వచ్చింది. ఆ వెనకే ‘బొబ్బిలి ఈశ్వర్’. ఆ తర్వాత ‘లెక్కల మాస్టారు’. మాస్టారు దాటుతూ, తాను మూడుసార్లు ఇక్కడే పడ్డానని, ఇదే ఆఖరిసారి అనుకుని వచ్చానని రాశాడు.

ల్యాప్‌టాప్ మోగింది. ఐదయింది. విభాకర్ తెర మీదకు వచ్చేశాడు. చూసేవాళ్ళు వేలల్లో పెరుగుతున్నారు. “కుళ్ళాయప్పగారూ, ఉన్నారా?” అని అడుగుతున్నాడు. కంపెనీ భాగస్వామి దీపాంజలి వరసగా మెసేజ్‌లు పెడుతోంది. ‘ఎక్కడున్నావు? మొదలుపెట్టేశారు!’

అతను ఒక్క క్షణం అటు చూశాడు. జవాబుగా రెండు మాటలు కొట్టాడు.

మళ్ళీ ఫోను వంక తిరిగేసరికి వంతెన మీద ఒక బండి వెనక చక్రం మూడో పలకలో కూరుకుపోతోంది. ఎడ్లు ఒక్కసారి మోర ఎత్తాయి. బండి, ఎడ్లు, పైన ఉన్న పేరు అన్నీ మాయమయ్యాయి. ఏరు మాత్రం పారుతోంది.

కుళ్ళాయప్ప ఆ చోటునే చూస్తూ ఉండిపోయాడు. పక్కన ల్యాప్‌టాప్‌లో ఎవరో నవ్వుతున్నారు.

నమాజు ముగించుకుని గురువు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“ఎవరెవరు వచ్చిరి?”

“చిట్టిగువ్వ. బొబ్బిలి ఈశ్వర్. లెక్కల మాస్టారు.” అతను మళ్ళీ ఫోను వంక చూశాడు. “ఇంకొకరు వచ్చినారు స్వామీ. పేరు చదవలేకపోయినాను.”

ఆయన చెయ్యి చాచి ఫోను తీసుకున్నాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. వంతెన మొదట్లో మళ్ళీ నిలబడ్డాడు.

కుళ్ళాయప్ప ల్యాప్‌టాప్‌లో విభాకర్ మాట్లాడుతున్న కిటికీని మూసేశాడు. ఫిర్యాదుల పెట్టె తెరిచాడు. పూసలమ్మ రాసిన పదకొండు ఉత్తరాలూ అందులో ఉన్నాయి. ఒక్కటీ తెరిచి లేదు. మొదటి దాని నుంచి ఆఖరి దాకా చదివాడు. ఆఖరి దాంట్లో ఒక్కటే వాక్యం. ‘అయ్యా, నేను ఊరికి పోయిన నాలుగు రోజులూ ఇక్కడ ఎవరూ లేరు.’

ఆఫీసులో పనిచేసే సుగంధికి ఫోన్ చేశాడు. గురువు చేతిలోది తన ఫోనే కాబట్టి ల్యాప్‌టాప్ నుంచే చేశాడు.

“ఆ లెక్కలన్నీ పక్కన పెట్టమ్మా. రెండో ఊరి వంతెన. మూడో పలక. ఇప్పుడే చూద్దాం.”

“అది గంట పని సార్. ఆడుతూ నేనూ అక్కడ పడ్డాను. ఏప్రిల్‌లోనే చెబుదామని మీ గదిలోకి వచ్చాను. మీరు విభాకర్‌కి జవాబు రాస్తున్నారు.”

“ఇప్పుడు చెప్పు. నేనూ కూర్చుంటాను.”

ఇద్దరూ పనిలో పడ్డారు. చక్రం బరువు పలక మీద పడేచోట ఒక చిన్న పొరపాటు. దాన్ని పట్టుకోవడానికే ముప్పావు గంట పట్టింది. మధ్యలో దీపాంజలి లైన్లోకి వచ్చింది.

“నువ్వు పారిపోయావని అంటున్నారు కుళ్ళాయ్! ఖాళీ కుర్చీ చూపించి నవ్వుతున్నారు. ఇంకో వారానికి కంపెనీ ఉంటుందో ఉండదో!”

“ఉన్నంతవరకు వంతెన బాగుండాల దీపా. నువ్వు కూడా రా. కొత్త పలక సరిగా పడిందో లేదో పరీక్షించేదానికి ఇంకొకరు కావాల.”

కాసేపటికి ఆమె కూడా పనిలోకి దిగింది.

ఆరున్నరకు పలక నిలిచింది. కొండ అంచున ఇంకా వెలుతురు ఉంది. కుళ్ళాయప్ప లేచి గురువు పక్కకు వచ్చి కూర్చున్నాడు. ఆయన నడుం పట్టేసినట్టుంది, గోడకు ఆనుకుని ఉన్నాడు. ఫోను మాత్రం వదల్లేదు.

“బాగైంది స్వామీ. ఇంక ఎటు నుంచైనా రావచ్చు.”

ఆయన ఎడ్లను అదిలించి బండిని సరిగ్గా వంతెన నడిమికి పోనిచ్చాడు. చక్రం మూడో పలక మీదికి ఎక్కింది, దిగింది. ముందుకు పోయింది.

అప్పుడే పూసలమ్మ వచ్చింది. పని కట్టేసి వచ్చినట్టుంది. వంతెన మొదట్లో ఎవరూ లేకపోవడం చూసి ఆగింది. తర్వాత వంతెన నడుమన ఉన్న బండిని చూసింది.

“తాతగారూ! మధ్యలోంచి వెళ్తున్నారు, పడలేదా?”

“పడలా.”

ఆమె పరుగున వంతెన ఎక్కింది. మూడో పలక మీద నిలబడింది. దిగి, మళ్ళీ ఎక్కి నిలబడింది.

“స్వామీ” అన్నాడు కుళ్ళాయప్ప మెల్లగా. “విభాకర్ చెప్పింది నిజమా, నేను చెప్పింది నిజమా?”

ఆయన విన్నాడో లేదో తెలియలేదు. పూసలమ్మ మళ్ళీ రాస్తోంది. ఆయన కళ్ళు ఆ అక్షరాల మీదే ఉన్నాయి.

“తాతగారూ, మరి నాకో సాయం చేస్తారా? మూడో ఊరికి ఇవతల నా బండి బురదలో దిగబడి ఉంది. మార్చి నుంచీ అక్కడే ఉంది. ఇక్కడ వదిలి పోలేక దాని దగ్గరికి వెళ్ళలేదు. ఒక్కరితో లేవదు, ముగ్గురు పట్టాలి. మనం ఇద్దరమే ఉన్నాం.”

ఖాదర్‌పీరా ఆ మాటలు పూర్తిగా చదివాడు. కళ్ళజోడు పైనుంచి శిష్యుడి వంక చూశాడు.

“ఇంగొకరు కావాలంట. నీకు ఆడేదానికొస్తాదా?”

కుళ్ళాయప్ప ల్యాప్‌టాప్ ఒళ్ళోకి లాక్కుని ఆట తెరిచాడు. పేరు రాయమని అడిగిన చోట తన పేరు రాసుకుని, మొదటి ఊరి నుంచి బండి తోలుకుంటూ బయలుదేరాడు.