మసి లేని మందు

ఎలీషా సార్‌ని ఎవరేం అడిగినా ఆయన నోట మొదట వచ్చే మాట "కానియ్." అది అనుమతో, విసుగో, శాపమో అడిగినవాడికి అంతుపట్టదు. ఫౌజులో ఆయుధాలు బాగుచేసే సుబేదారుగా పనిచేసి వచ్చి, మెదక్ దాటాక ఒక గుట్ట వెనక ఉన్న చిన్న షూటింగ్ క్లబ్బులో పిస్తోలు గురి నేర్పుతుంటారు. వాదించి ఎవరినీ ఒప్పించిన మనిషి కాదు. ఎదుటివాడు వాదం మొదలుపెడితే లేచి వెళ్లి కనకాంబరాలకు నీళ్లు పోస్తారు. అది గర్వమనేవాళ్లు మా క్లబ్బులోనే ఉన్నారు. నేననను. ఎందుకు అననో చెప్పాలంటే జనార్దన్ అడిగిన ప్రశ్న దగ్గర మొదలుపెట్టాలి.

జనార్దన్ ఊళ్లో బోరు మోటార్లు బాగుచేస్తాడు. పిస్తోలు పట్టుకుంటే చెయ్యి రాయిలా నిలుస్తుంది. రాష్ట్ర జట్టు ఎంపికకు రెండుసార్లు వెళ్లి, రెండుసార్లూ వెంట్రుకవాసిలో తప్పిపోయాడు. మూడోసారీ తప్పితే పిస్తోలు అమ్మేసి బుద్ధిగా దుకాణం చూసుకుంటానని ఇంట్లో మాటిచ్చాడు. భార్య ఆ మాటను మరిచిపోయే మనిషి కాదు. కాబట్టి మూడోసారి వెళ్లబోయే ముందు అతని కోపమంతా ఒకదాని మీదికి మళ్లింది. అది తుపాకిమందు.

మా క్లబ్బుకు కాల్చిన తూటాలను తిరిగి నింపుకునే అనుమతి ఉంది. పేలిన ఇత్తడి గుల్లను కడిగి, అడుగున మందును రాజేసే కొత్త టోపీ బిగించి, చెంచాతో కొలిచిన మందు పోసి, పైన సీసం గుండును అదిమితే తూటా మళ్లీ తూటా అవుతుంది. ఏళ్ల తరబడి మేం వాడుతున్న మందు రేకురేకులుగా, ఉబ్బుగా ఉంటుంది. సగం కాలి సగం కాలక పొగ చిమ్ముతుంది. ఒక పూట కాల్చి ఇంటికి పోతే, పెనం అడుగు గీకిన చేతుల్లా ఉంటాయి మా చేతులు. ఆ కాలని రేకులు పిస్తోలు సందుల్లో ఇరుక్కుని ఒక్కోసారి అది మొరాయిస్తుంది కూడా. జనార్దన్ రెండో ఎంపికలో సరిగ్గా అదే జరిగింది.

"సార్, మసి లేని మందు వచ్చినంక గూడ ఇంకా ఈ దరిద్రమే ఎందుకు వాడాలె?" అని అడిగాడు జనార్దన్.

"కానియ్" అన్నారు ఎలీషా సార్.

జనార్దన్ అక్కడితో ఆగలేదు. అతనికి ఇంకో కోరిక కూడా ఉంది. అది అర్థం కావాలంటే మా బల్ల ఆచారం తెలియాలి. తూటాలు నింపే బల్ల దగ్గర ఎప్పుడూ ఇద్దరు కూర్చోవాలి. ఒకరు నింపాలి, ఒకరు చూడాలి. నింపేవాడు నోరు తెరవకూడదు. చూసేవాడు మాత్రం ఏమైనా అనవచ్చు. ఇది ఎలీషా సార్ పెట్టిన కట్టుబాటు. జనార్దన్‌కు చూసేవాడు ఖాసిం. వెల్డింగు పని చేస్తాడు. చూపు డేగది, నోరు మాత్రం మురికి కాలువ. చెంచా కాస్త వంగితే చాలు, "కండ్లు నెత్తికెక్కినయారా? మందు పోస్తున్నవా, మందు తాగి పోస్తున్నవా?" అని మొదలుపెట్టి ఏడు తరాల దాకా వెళ్లిపోతాడు. పక్క బల్లల వాళ్లు నవ్వుకునేవారు. జనార్దన్‌కు మాత్రం అది చెవిలో జోరీగ.

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు సార్. ఖాసిం భాయ్ నోరు గూడ మసే. ఎంపిక దాక నాకు మనసు నిమ్మళంగ ఉండాలె. పక్కకు ఇంకెవరినన్న ఇయ్యున్రి."

ఎలీషా సార్ అతని ముఖంలోకి కాసేపు చూశారు. ఏదో చెప్తారనుకున్నాం. "కానియ్" అని నీళ్ల డబ్బా తీసుకుని మొక్కల వైపు వెళ్లిపోయారు.

ఆ సంగతి తెలిసి ఖాసిం ఒక్క మాట అన్నాడు. "పో రా, నీ మసి లేని మొకమేసుకుని." అంతే, రైఫిళ్ల వాళ్లు కూర్చునే చివరి బల్లకు మారిపోయాడు. ఎదురుపడినా పలకరించడం మానేశాడు. తిట్టినన్నాళ్లూ లేని బాధ, తిట్టు ఆగాక అతని ముఖంలో కనబడింది. జనార్దన్ దాన్ని చూడలేదో, చూసీ చూడనట్టు ఊరుకున్నాడో నాకు తెలియదు.

ఖాసిం స్థానంలోకి విశ్వనాథం సేటు వచ్చారు. ఆయనకు బజారులో బట్టల దుకాణం. పెట్టెల్లోని చీరలన్నీ విప్పించి, ఏదీ నచ్చలేదని లేచిపోయేవాళ్లకు కూడా గుమ్మం దాకా వచ్చి నమస్కారం పెట్టే మనిషి. క్లబ్బులో చేరి ఎక్కువ కాలం కాలేదు కానీ పని శ్రద్ధగా నేర్చుకున్నారు. బల్ల దగ్గర ఆయన ఉన్నారంటే ఏసీ గదిలో కూర్చున్నట్టే ఉండేది.

కొత్త మందు వచ్చింది. నిజం చెప్పాలి, అది గొప్ప మందే. సన్నగా, బరువుగా ఉంటుంది. గుల్ల అడుగున చిటికెడంత పోస్తే చాలు. పూర్తిగా కాలిపోతుంది. పొగ లేదు, రేకు లేదు. పిస్తోలు గొట్టంలోకి చూస్తే అద్దంలా తళతళ. జనార్దన్ కాల్చి వచ్చి అవే చేతులతో అన్నం డబ్బా విప్పుకుని తినేవాడు. గురి కూడా పెరిగింది. కాగితం మీద గుండు దెబ్బలన్నీ నడుమకు వచ్చి మూగుతుంటే, అతని ముఖంలో ఇన్నేళ్లకు పెళ్లికళ చూశాం. ఎలీషా సార్ ఆ కాగితాలు చూసి మెచ్చుకున్నారు. మందు డబ్బాను మాత్రం అటూ ఇటూ తిప్పి చూసి ఉన్నచోటే పెట్టేశారు.

ఎంపిక రేపనగా ఆ రోజు మధ్యాహ్నం జనార్దన్ తూటాలు నింపుకోవడానికి కూర్చున్నాడు. సాయంత్రం హైదరాబాదు బస్సు. కట్టెపలక గుంతల్లో గుల్లలు వరసగా నిలబెట్టి, ఒక్కోదాంట్లో చెంచాడు చొప్పున పోస్తున్నాడు. పక్కన సేటు. సగంలో ఫోను మోగింది. పోటీల సంఘం వాళ్లు. పొద్దున ఎన్నింటికి రావాలో చెప్పడానికి. ఖాసిం ఉంటే ఆ ఫోనును గుట్ట మీదికి విసిరేవాడు. సేటు గారు తన కుర్చీ కొంచెం వెనక్కి జరిపి, మాట్లాడుకోవడానికి వీలు చేసి ఇచ్చారు. జనార్దన్ మాట్లాడి, ఫోను పెట్టి, చెంచా అందుకుని మిగతావి పూర్తిచేశాడు. గుండ్లు అదిమాడు. తూటాలన్నీ తళతళలాడుతూ పెట్టెలోకి చేరాయి.

అప్పుడు వచ్చారు ఎలీషా సార్. చెంచా పక్కన ఫోను చూశారు.

"నింపేటప్పుడు వచ్చిందా?"

"అవును సార్. సంఘమోళ్లు."

"ఎక్కడి దాక నింపినంక వచ్చింది?"

జనార్దన్ పలక మీద ఒక గుంత చూపించాడు. మళ్లీ వేలు పక్క గుంత మీదికి జరిగింది. "ఇది... కాదు, ఇది."

"ఒకదాంట్లనే రెండుసార్లు పడలే గద?"

"పడితే పొర్లుతుండె గద సార్" అన్నాడు జనార్దన్ ధీమాగా. మాట నోట్లోంచి పూర్తిగా రాకముందే అతని ముఖం పాలిపోయింది.

పొర్లేది పాత మందు. రెండు చెంచాలు పోస్తే గుల్ల పట్టదు, అంచు దాటి బల్లంతా పడుతుంది. గుడ్డివాడికైనా చేతికి తగులుతుంది. పదిహేనేళ్లు ఆ మందుతో బతికినవాడు కనుక, తప్పు జరిగితే పొర్లుతుందనే నమ్మకం జనార్దన్ కంటికి అలవాటైపోయింది. మందు మారింది, నమ్మకం మారలేదు. కొత్త మందు రెండు చెంచాలు పోసినా గుల్లలో సగానికి రాదు. అడుగున చప్పుడు లేకుండా కూర్చుంటుంది. పైన గుండు అదిమాక ఇక దేవుడికే తెలియాలి. అలాంటి తూటా ఒక్కటి పేలితే ముందున్న కాగితానికి ఏమీ కాదు. పిస్తోలు పగులుతుంది, వెనకున్న చెయ్యి, కన్ను పోతాయి.

జనార్దన్ త్రాసు దగ్గరికి పరుగెత్తాడు. ఎలీషా సార్ తల అడ్డంగా ఊపారు. "ఆ సీసం గుండ్లు మనం పోసుకున్నయే. ఒక్కోటి ఒక్కో బరువు. ఆ తేడల ఈ తేడ కలిసిపోతది."

అంటే అన్నీ విప్పాలి. విప్పి మళ్లీ నింపేసరికి బస్సు ఉంటుందో పోతుందో. జనార్దన్ గడియారం చూశాడు, పెట్టె చూశాడు. ఇంట్లో ఇచ్చిన మాట కూడా గుర్తొచ్చే ఉంటుంది. మనిషికి కావలసింది చేయి దాకా వచ్చినప్పుడు అనుమానాన్ని నమ్మకంగా మార్చుకోవడానికి ఎంతోసేపు పట్టదు.

"పడలేదు సార్. నాకు నమ్మకం ఉన్నది. ఇవే తీస్కపోత."

"కానియ్" అన్నారు ఎలీషా సార్.

ఆ మాట అంటూనే బల్ల మీదున్న జనార్దన్ పిస్తోలు తీసుకున్నారు. పెట్టెలోంచి చేతికందిన తూటాలు తీసి ఎక్కించారు. చెవులకు రక్షణ పెట్టుకుని నేరుగా కాల్చే గీత దగ్గరికి నడిచారు.

"ఏం చేస్తున్నరు సార్?"

"నీకు నీ తూటాల మీద నమ్మకం ఉన్నది. నాకు నీ మీద ఉన్నది" అని ఆయన చెయ్యి ఎత్తారు.

గీత దగ్గర నిలబడ్డవాడి చేతిని ముట్టుకోవడం మా క్లబ్బులో అన్నిటికన్నా పెద్ద తప్పు. ఆ తప్పు చేసినవాణ్ని ఎలీషా సారే ఒకసారి గేటు బయటికి పంపారు. జనార్దన్ వెళ్లి రెండు చేతులా ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "వద్దు సార్. వద్దు. మీకు దండం పెడత" అని ఏడ్చేశాడు. తన చేతిని పణంగా పెట్టడానికి సిద్ధపడ్డవాడు గురువు చేతిని పెట్టలేకపోయాడు. ఆయన వేలు ట్రిగ్గరు దగ్గరికి వెళ్లనేలేదు. అది నేను చూశాను. జనార్దన్ చూసి ఉండడు. ఆయన పిస్తోలు ఖాళీ చేసి, తూటాలు జేబులో వేసుకుని, సుత్తి తీసుకురమ్మన్నారు.

సుత్తి అంటే మామూలు సుత్తి కాదు. తలలో తూటాను బిగించి మొద్దు మీద కొడితే, గుండూ మందూ ఊడి దాని బోలులో పడతాయి. ఒక్కో తూటా కొట్టడం, మందును కాగితం మీద ఒంపి చూడడం, మళ్లీ ఇంకొకటి. ఆ చప్పుడు విని చివరి బల్ల నుంచి ఖాసిం లేచి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. సంగతి ఎవరూ చెప్పలేదు. కాగితం మీది మందు చూసి అతనికే అర్థమైంది. జనార్దన్ చేతిలోంచి సుత్తి లాక్కుని కూర్చున్నాడు. "కొట్టుడు గూడ రాదు నీకు. దోమను కొడుతున్నవా?" అన్నాడు.

చాలావరకు విప్పేశాక, అన్నీ సరిగ్గానే ఉన్నాయని మాకు ధైర్యం వస్తున్న సమయంలో, ఒక తూటా కాగితం మీద అంతవరకు పడ్డదానికి రెట్టింపు కుప్ప పోసింది. జనార్దన్ బల్ల కాలు పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. తన కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

ఖాసిం మాత్రం మొదలుపెట్టాడు. అతను అన్నవన్నీ ఇక్కడ రాయలేను. తిడుతూనే లేచి, అల్మారాలోంచి పాత మందు డబ్బా తెచ్చి జనార్దన్ ముందు పెట్టాడు. "లే. నింపు. నేను చూస్త." జనార్దన్ నోరు మూసుకుని నింపాడు. ఖాసిం నోరు మూసుకోకుండా చూశాడు. బస్సు వేళకు పెట్టె నిండింది. మరునాడు ఎంపికైన వాళ్ల పేర్లలో జనార్దన్‌ది ఆఖరిది. ఆఖరిదైనా పేరు పేరే. పిస్తోలు ఇంట్లోనే ఉంది.

కానీ అది మరునాటి మాట. ఆ సాయంత్రం సంచీ భుజాన వేసుకున్నాక జనార్దన్ గురువు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఇంతకు ఏ మందు మంచిది సార్? ఈసారన్న నోరు తెరిచి చెప్పున్రి."

ఎలీషా సార్ ఏమనేవారో తెలియదు. అప్పటిదాకా తేలు కుట్టిన దొంగలా ఒక మూల కూర్చున్న విశ్వనాథం సేటు లేచి నిలబడ్డారు. కండువాతో చెమట తుడుచుకున్నారు.

"జనార్దన్ గారూ, ఒక మాట. మీరు ఫోను పెట్టినంక చెంచా మళ్ల అదే దాంట్లకు పోయినట్టు నాకప్పుడే అనిపించింది. మీరు పెద్ద షూటరు, ఏదో లెక్క ఉంటదనుకున్న. అడిగితే ఏమనుకుంటరో, బాగుండదని..."

ఖాసిం నోరు తెరిచాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అందులోంచి ఏమీ రాలేదు. జనార్దన్ సేటు వైపు, బల్ల మీది కాగితం వైపు, మళ్లీ సేటు వైపు చూశాడు.

ఎలీషా సార్ వెళ్లి సేటు భుజం మీద చెయ్యి వేశారు.

"మీరు ఫికర్ చెయ్యకున్రి సేటు గారూ" అన్నారు. "మందు గూడ మర్యాదగనే కూసున్నది."