హోదాకి తగిన గరుకుచక్రం

మంగళగడ రాజు విజయకేతుడికి ఉన్నట్టుండి వడ్రంగం పిచ్చి పట్టుకుంది. రాజ్యంలో చక్కబెట్టాల్సినవన్నీ అయిపోయాయి కాబోలు, ఉలి పట్టుకుని కోట వెనక చిన్న గదిలో కూర్చున్నాడు. వారం తిరక్కుండానే ఒక చిలకను చెక్కాడు. చూస్తే అచ్చం కోడే. అయితే రాజుగారు చేసిన వస్తువుని పాడుచేసినవాడికి చెరసాల అని ఆ ఊళ్ళో ఓ చట్టం ఉంది. అందుకని సభ మొత్తం దాన్ని చిలకే అంది, పైగా ఎగిరిపోతుందేమోనని భయం కూడా నటించింది.

చిలకను నున్నచేయడానికి గరుకుచక్రం కావాలన్నాడు రాజు. ఇసుక అంటించిన చక్రం అది. తిప్పుతూ చెక్కని ఆనిస్తే అరిగి నున్నబడుతుంది. వర్తకుడొకడు రెండు తెచ్చాడు. ఒకటి బల్లమీద పెట్టుకుని చేత్తో తిప్పుకునేది. రెండోది నేలమీద నిలబెట్టేది, మనిషెత్తుంది, తిప్పడానికే ఇద్దరు కావాలి.

మంత్రి దండపాణికి తెలియని విషయమంటూ లేదు, అంటే ఆయన లెక్కలో. చిన్నదాన్ని చూసి మూతి విరిచాడు. బల్లమీద పెట్టుకునేవి బీదాబిక్కీకి, ఏలినవారి హోదాకి నిలువెత్తు యంత్రమే తగునన్నాడు. రాజు ఉబ్బితబ్బిబ్బై పెద్దదే కొంటున్నామని నిండు సభలో మాటిచ్చేశాడు. ఆ గదిలో పట్టదు కదా అని ఎవరో గొణిగారు. ఆనుకుని ఉన్న కోనప్ప ఇల్లు పడగొడితే సరి అన్నాడు మంత్రి, ఎంతో ఉదారంగా. ఇల్లు తనది కాదుగా మరి.

కోనప్ప రాజుకి తాంబూలం అందించేవాడు. ఇంట్లో భార్యకి నెలలు నిండాయి. అయినా తొణక్కుండా చేతిలో తమలపాకు చుట్టి, ఇల్లు సంతోషంగా ఇచ్చేస్తానన్నాడు. కాకపోతే చిన్న కోరిక. గోడ పడేలోపు, మంత్రిగారు స్వహస్తాలతో ఆ పెద్ద చక్రం మీద చిలకను నున్నచేస్తే కళ్ళారా చూసుకుంటానన్నాడు. రాజుకి ఈ ముచ్చట తెగ నచ్చింది.

వర్తకుడు ముందుగా ఒక దుంగని ఆనించి చూపించాడు. రెప్పపాటులో అంచంతా ఎగిరిపోయి ముందు వరసవాళ్ళ తలపాగాలు పొట్టుతో నిండాయి. తరవాత వంతు మంత్రిది. చిలకను పట్టుకుని చక్రం దాకా వెళ్ళాడు, వెనక్కి వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. చిలక ముక్కు పోయిందంటే చెరసాలే.

"ఏం మంత్రీ, ఆలస్యం దేనికి?" అన్నాడు రాజు.

"ప్రభూ... ఇంత సున్నితమైన పనికి... ఆ చిన్నదే మేలేమోనండి."

కోనప్ప వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"అదేమిటండీ, హోదాకి ఇదే తగునన్నారు. ముక్కు సంగతి ఇప్పుడు గుర్తొచ్చిందా?"

సభ నోటికి ఉత్తరీయాలు అడ్డం పెట్టుకుంది. రాజుకి విషయం తలకెక్కింది గానీ, ఇంకో చిక్కు మిగిలింది. పెద్దది కొంటామని అందరి ముందూ అనేశాడు. మాట తప్పితే నవ్వులపాలు. ఏం చేద్దామని కోనప్పనే అడిగాడు.

"తప్పడమెందుకు ప్రభూ? రెండూ కొనండి. చిన్నది మీ పనిగదికి. పెద్దది మంత్రిగారి నట్టింటికి. పట్టకపోతే గోడలు పడగొట్టే ఉపాయం వారికి తెలిసిందే."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. చేతి కడియం తీసి కోనప్పకి తొడిగి, యంత్రాన్ని అప్పుడే మంత్రి ఇంటికి బండెక్కించమన్నాడు. సభంతా ఘొల్లుమంది. మంత్రి కూడా నవ్వాడు, నవ్వక చస్తాడా!