ఖాళీ గళ్లు

ఆ వేసవిలో సుకీర్తికి మాట్లాడటానికి దొరికింది కంప్యూటర్ ఒక్కటే. డిగ్రీ రెండో ఏడు పూర్తిచేసి, సెలవుల్లో పరిశోధన నేర్చుకుందామని పాలకొండ నుంచి ఓ యూనివర్సిటీకి వచ్చింది. హాస్టల్ బోసిపోయి ఉంది. మెస్ మూసేశారు. బయట ఏదో కొనుక్కొచ్చి గదిలోనే తినేది. కంప్యూటర్ అడిగినదానికి జవాబు చెబుతుంది గానీ, అన్నం తిన్నావా అని అడగదు కదా. ఒక్కోరోజు తన గొంతు తనకే కొత్తగా వినిపించేది. ఏడుపొచ్చేది. ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం బాగానే ఉన్నాననేది.

ఏజెన్సీ కొండల్ని గళ్లుగా విడగొట్టి, ఓ చిన్న చెట్టుకప్ప ఏయే గళ్లలో బతుకుతోందో లెక్కగట్టి మ్యాపు గీయడం ఆమె పని. ఏ కొండను కాపాడాలో, దేన్ని వదిలేయాలో అటవీశాఖ వాళ్లు ఆ మ్యాపు చూసే తేలుస్తారు. పని పూర్తవగానే తీసుకెళ్లి, తనకు పరిశోధన నేర్పుతున్న జలజాక్షి మేడం ముందు పెట్టింది. ఎంతైనా సొంతంగా చేసిన మొదటి పని, కాస్త గర్వంగానే ఉంది.

"పడమటి కొండల్లో కప్ప లేదు మేడం. వాటిని వదిలేయొచ్చు."

మేడం కళ్లజోడు సర్దుకుంది. "అక్కడ ఎవరు వెతికారమ్మా?"

"ఎవరూ వెళ్లలేదండి. ఆ గళ్లు ఖాళీగా ఉంటే ప్రోగ్రాం నడవలేదు. అందుకని అన్నిట్లో సున్నాలు పెట్టేశాను."

మేడం మందలించలేదు. "హాస్టల్లో నీకు తోడెవరున్నారు?" అంది.

సుకీర్తి తల దించుకుంది. "ఎవరూ లేరండి. నేనొక్కదాన్నే."

మేడం లేచి చెప్పులేసుకుంది. ఎండలో హాస్టల్ దాకా ఇద్దరూ నడిచారు.

సుకీర్తి గది మేడమీద. మేడం మెట్లెక్కకుండా కింది వరండాలోకి తిరిగింది. సుకీర్తి ఎన్నడూ అటు పోయిన పాపాన పోలేదు. మేడం మొదటి తలుపు తట్టింది. పలుకు లేదు. పక్కదీ అంతే.

"చెప్పాను కదండీ, ఎవరూ ఉండరు."

మేడం ఇంకో తలుపు తట్టింది. లోపల గడియ తీస్తున్న చప్పుడైంది. దువ్వుకోని జుట్టుతో ఓ అమ్మాయి బయటికొచ్చి, ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఈ హాస్టల్ల నేనొక్కదాన్నే ఉన్ననేమో అనుకున్న," అంది.



ఆ వరసలో మూసి ఉన్న తలుపులు ఇంకా చాలానే ఉన్నాయి. మేడం వాటికేసి చూసి, వచ్చిన దారినే వెనక్కి తిరిగింది.

"మిగతా గళ్లు నువ్వు తట్టు."